బీజమును క్షేత్రమును: స్త్రీల రాచపుండు చరిత్ర



నేటి ప్రసంగ విషయము నలుగురి యెదుట పలుకుటకు మనవారు సంకోచించునట్టిది. స్త్రీల గర్భాశయ ముఖద్వారమున పుట్టు రాచపుండు, అనగా నేడు అందరును కాన్సరనుచున్న వ్యాధి, ఎట్లు కలుగుచున్నదో, దాని కారణమును మానవుడు ఎన్ని తప్పుత్రోవలు త్రొక్కి కనుగొనెనో చెప్పవలెనని నా తలంపు. నేను వైద్యుడను కాను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. కావున మందుల మాట నాయొద్ద తక్కువ, జరిగిన కథ యెక్కువ. ఇది ఆడవారి సంగతి గదా, మాకేల యని లేచిపోవలదు. ఇంటిలో ఎవరిని ఎప్పుడు ఆస్పత్రికి పంపవలెనో, ఏ యింటి పిల్లను కోడలిగా తెచ్చుకొనవలెనో నిర్ణయించువారు మీరే. ఆ రెండు నిర్ణయములును ఈ కథలో వచ్చును.

1971వ సంవత్సరమున నాకు పదుమూడేండ్లు. గుండ్లకమ్మ యొడ్డున నొక పల్లెలో మా మేనత్త యుండెడిది. ప్రత్తిచేలు, మిరపతోటలు గల సంసారము. ముట్లుడిగి ఆరేడేండ్లయిన పిదప ఆమెకు మరల రక్తము కనబడ నారంభించెను. ఆమె ఎవరితోడను చెప్పలేదు. కల్లములో కూర్చుండి తాలుకాయలు ఏరుచునే యుండెను. ఏడాది గడచిన తరువాత నడుము నొప్పిచే లేవలేక చెప్పినది. పట్టణమునకు తీసికొనిపోగా వైద్యురాలు చూచి, వ్యాధి గర్భాశయమును దాటి ప్రక్కలకు ప్రాకినది, ఇక చేయదగినది స్వల్పమని చెప్పెను. సంక్రాంతి రాకముందే మా యత్త పోయినది. ఆ వ్యాధి పేరు ఇంటిలో ఎవ్వరును ఉచ్చరింపలేదు. కర్మమని మా తండ్రిగారు ఊరకుండిరి. ఊరిలో కొందరు అంతకంటె నీచమైన మాట లాడిరి. అటుపిమ్మట రెండు మాసములకు, ఆమె కూతురైన మా వదినకు నిశ్చయమైయున్న సంబంధము తప్పిపోయెను. తల్లికి వచ్చినది కూతునకు రాదా, అది వంశములోని రోగము గదా యని వరుని పెద్దలు వర్తమాన మంపిరి. మూడేండ్లకు గాని మరియొక సంబంధము కుదురలేదు.

పాపమువలన వచ్చినదని కొందరు, వంశమువలన వచ్చినదని కొందరు. ఈ రెండు తీర్పులును మన గుండ్లకమ్మ యొడ్డున పుట్టినవి కావు. లోకమున పెద్ద పెద్ద వైద్యులు సైతము వానిచుట్టు చాలకాలము తిరిగిరి. వాని మూలమును తెలిసికొనవలెనన్న ఇటలీ దేశమునకు పోవలయును.

ఆ దేశమున వెరోనా యను నగరము కలదు. డొమెనికో రిగోని స్టెర్న్ అను వైద్యుడు, మన కరణములు వ్రాసి యుంచిన జననమరణముల పుస్తకముల వంటి పట్టికలను 1760 మొదలు 1839 వరకు గలవానిని ముందిడుకొని కూర్చుండెను. ఎనుబది యేండ్ల మరణములు! ఎవరు ఏ రోగమున పోయిరి, వివాహితలా, వితంతువులా, కన్యలా, మఠములలోని సన్న్యాసినులా యని వేరుపరచి లెక్కించెను. 1842లో ఫలితమును ప్రకటించెను. గర్భాశయపు రాచపుండుచే పోయినవారిలో కాపురము చేసిన స్త్రీలే మెండు. సన్న్యాసినులలో అది మిక్కిలి యరుదు. స్తనముల రాచపుండు మాత్రము సన్న్యాసినులలోనే యధికము. సూక్ష్మదర్శినిలో ఏమియు చూడకయే, కేవలము లెక్కవలన నొక గొప్ప సత్యపు అంచును తాకినవాడీయన. లెక్కలు చెప్పు ఉపాధ్యాయులు ఈ కథను పిల్లలకు చెప్పిన బాగుండునని నేను పలుమారు అనుకొన్నాను.

అయితే ఆ సరియైన లెక్కనుండి లోకము ఒక వంకర యర్థమును తీసినది. సంసారజీవనములో ఏదియో యొకటి ఒకరినుండి మరియొకరికి సంక్రమించుచున్నది యనుట న్యాయమైన ఊహ. కావున రోగము వచ్చిన స్త్రీ శీలము మంచిది కాదనుట అన్యాయము. ఒక్క భర్తతోడనే కాపురముచేసి, పరపురుషుని ముఖమైన ఎరుగని యిల్లాలికిని ఈ వ్యాధి రాగలదు. అది పురుషునివెంట ఇంటికి వచ్చును. వానికి తరచుగా నొప్పియు నుండదు, మచ్చయు నుండదు, తాను మోయుచున్నట్లు వానికే తెలియదు. ఊరివారు మా యత్తను గూర్చి ఆడిన మాట ఇంతకాలమునకును నా చెవిలో నున్నది గనుక ఈ విషయమును కొంచెము గట్టిగా చెప్పుచున్నాను.

సంక్రమించు ఆ వస్తువేది? దానిని పట్టుకొనుటకు నూటనలువది యేండ్లు పట్టినది. మొదటి జాడ మనుష్యులలో గాక కోళ్లలో దొరకినది. 1911లో న్యూయార్కు నగరమున పేటన్ రౌస్ అను శాస్త్రజ్ఞుడు ఒక కోడి కంతిని నూరి, ఏ సూక్ష్మక్రిమియు దూరలేని జల్లెడలో వడగట్టి, ఆ రసమును మరియొక కోడికి ఎక్కించెను. దానికిని కంతి పుట్టెను. క్రిములకంటెను చిన్నదియగు వైరసు రాచపుండును పుట్టింపగలదని యర్థము. పండితలోకము చాలకాలము దానిని లెక్కచేయలేదు. ఏబదియైదేండ్లకు, 1966లో, ముదుసలియైన రౌస్‌నకు నోబెలు బహుమాన మిచ్చిరి. ఇంతలో 1933లో రిచర్డ్ షోప్ అను ఆయన కొమ్ములు మొలచిన కుందేళ్లను గూర్చి విని పరిశోధించెను. అవి కొమ్ములు కావు, పెరిగిన పులిపిరులు. వానికిని వైరసే కారణమని తేలెను. ఆ పులిపిరులు కొన్ని కుందేళ్లలో రాచపుండుగా మారుట కొద్ది యేండ్లలోనే చూచిరి. పులిపిరికిని రాచపుండునకును నడుమ నొక దారము కలదని తెలిసియు, ఆ దారమును స్త్రీల వ్యాధివరకు లాగువారు మరి నలువదియేండ్లదాక లేకపోయిరి.

వైరసు దొరకకముందే వ్యాధిని ముందుగా గుర్తించు ఉపాయము దొరకినది. గ్రీసు దేశమునుండి అమెరికాకు పోయిన జార్జి పాపనికొలావ్ అను వైద్యుడు ముఖద్వారమునుండి రాలు కణములను గాజుపలకపై పూసి, రంగువేసి చూచిన, రాచపుండు ముదురకముందే దాని పోలికలు కనబడునని 1928లో చెప్పెను. రుమేనియాలో ఆరెల్ బాబేష్ 1927లోనే అట్టి మాట చెప్పియుండెను. పాపనికొలావ్ మాటకు మన్నన దొరకినది 1941లో, హెర్బర్టు ట్రౌట్ అను వైద్యునితోడ గూడి వ్రాసిన పిదపనే. ఆయన భార్య ఆండ్రొమకి యేండ్లతరబడి తన కణములనే పరీక్షకు ఇచ్చినది. శాస్త్రచరిత్రలో ఇట్టి యిల్లాండ్ర పేర్లు పుటల యడుగున నుండును. ఈ పరీక్ష వ్యాపించిన దేశములలో ఈ వ్యాధిచే చచ్చువారి సంఖ్య బాగుగ తగ్గినది.

మరి మన గుంటూరు సీమలో? స్త్రీలకు స్త్రీలే వైద్యము చేయు ఏర్పాటు ఇచ్చట లేకపోలేదు. అన్నా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు 1883లో గుంటూరు చేరెను. పురుషుని చేతికి నాడి నిచ్చుటకైన సమ్మతింపని ఆడవారికి ఇంటింటికి తిరిగి మందిచ్చి, 1898లో స్త్రీలకును శిశువులకును ఆస్పత్రి తెరచెను. తన భార్యకు అచ్చట సుఖప్రసవమైనందుకు ఏలూరు రాజావారు రోగుల బంధువులకై ఎదుట సత్రము కట్టించిరి. ఆమె 1930లో ఇచ్చటనే కన్నుమూసెను. 1946లో గుంటూరున వైద్యకళాశాల వచ్చెను. అనగా మా యత్తకు రక్తము కనబడిననాటికి పరీక్ష పుట్టి నలువది యేండ్లు, స్త్రీల ఆస్పత్రి పుట్టి డెబ్బది యేండ్లు దాటినవి. పల్లెపల్లెకు పరీక్ష రాలేదన్నమాట నిజమే. కాని బండి కట్టిన చేరగలిగిన దూరములో వైద్యురాండ్రు ఉండిరి. ఆమె నోరు విప్పలేదు, మేము అడుగలేదు.

ఇక వైరసు కథకు వత్తము. 1960వ దశకము చివరనుండి వైద్యులు ఒక వైరసును అనుమానించిరి గాని అది వేరొకటి, పెదవులమీద పొక్కులు పుట్టించు హెర్పీసు జాతిది. జర్మను దేశస్థుడు హరాల్డ్ ౙుర్ హౌౙెన్ వెదకి వెదకి, ఈ పుండ్లలో హెర్పీసు కానరాదని చెప్పి, పులిపిరులను పుట్టించు పాపిల్లోమా వైరసును చూడుడనెను. 1970వ దశకమున ఆ మాట విన్నవారు కొలదిమంది. ఆయన విడువలేదు. 1983లో ఆయన శిష్యులతోగూడి ఆ జాతిలో 16వ సంఖ్య గల వైరసును రాచపుండులోనుండి పట్టెను. మరుసటి యేడు 18వ సంఖ్య గలది దొరకెను. ఈ జాతిలో ఇన్నూటికి పైగా రకములు కలవు. వానిలో పదునాలుగింటి వరకు చెడ్డవి. ఈ 16, 18 అను రెండే లోకములోని ఈ వ్యాధిలో నూటికి డెబ్బది పాళ్లకు కారణము. 1999లో అనేక దేశముల రోగుల పుండ్లను మరల పరీక్షింపగా నూటికి తొంబదితొమ్మిదింటికి పైగా ఈ జాతి వైరసే కనబడెను. పొగాకునకును ఊపిరితిత్తుల పుండునకును గల సంబంధముకూడ ఇంత గట్టిది కాదు. ౙుర్ హౌౙెన్‌కు 2008లో నోబెలు బహుమానము వచ్చెను.

ఆ వైరసు 18వ రకము ఒక విచిత్రమైన చోటకూడ కనబడెను. 1951లో అమెరికాలో బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ వచ్చినది. మన ఒంగోలు, పొదిలి ప్రాంతములవలెనే ఆమెది పొగాకు పండించు కుటుంబము. ఐదుగురు బిడ్డల తల్లి. ముఖద్వారపు రాచపుండుతో ముప్పదియొకటవ యేట ఆ సంవత్సరమే మరణించినది. ఆమె పుండునుండి తీసిన కణములు గాజుపాత్రలో చావక పెరుగుచు నేటికిని లోకమందలి ప్రయోగశాలలన్నిట జీవించుచున్నవి. పోలియో టీకాను పరీక్షించుటకు అవియే తోడ్పడెను. అయితే తీసికొనునప్పుడు ఆమెను అడుగలేదు. ఆమె బిడ్డలకు ఇరువదేండ్లు దాటువరకు ఆ సంగతియే తెలియదు. ఈ అడుగకుండుట యనునది ఈ చరిత్రలో మరల వచ్చును గనుక గుర్తుంచుకొనుడు.

వైరసు ఏమి చేయుచున్నది? మన శరీరమందలి ప్రతి కణమునకును ఊరి కాపలావారివలె ఇద్దరు కావలివాండ్రు కలరనుకొనుడు. ఒకడు వేళ కాకుండ కణము రెండుగా చీలకుండ ఆపును. మరియొకడు చెడిన కణమును నీవు చావవలసినదని శాసించును. ఈ వైరసు రెండు పదార్థములను తయారుచేయును. శాస్త్రజ్ఞులు వానికి ఇ6, ఇ7 అని పేర్లు పెట్టిరి. ఇ7 మొదటి కావలివాని చేతులు కట్టును. ఇ6 రెండవవానిని చంపించును. 1989, 1990 సంవత్సరములలో ఈ గుట్టు బయటపడినది. కావలి లేని కణము చీలిచీలి, చీలినప్పుడెల్ల కొంత చెడుచు, కడకు రాచపుండగును.

ఇది వినగానే భయపడవలదు. ఈ వైరసు గడ్డివలె సామాన్యమైనది. కాపురము చేయువారిలో పెక్కుమందికి జీవితములో నెన్నడో యొకనాడు సోకును. సోకినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా శరీరమే రెండేండ్లలోపల దానిని వెడలగొట్టును. వెడలగొట్టలేనివారిలో మాత్రము అది తిష్ఠవేసి పది పదునైదేండ్లు, కొందరిలో ఇరువదేండ్లు, మెల్లగ పనిచేయును. మా యత్త విషయములో మాకు ఒక్కయేడు పోయినదని నేను చిన్ననాట అనుకొంటిని. నిజముగ పోయినవి అంతకుముందటి పదునైదేండ్లు. ఆ కాలములో ఎప్పుడు చూచినను చిన్న చికిత్సతో పోయెడి వ్యాధి అది.

మరి కొందరు వెడలగొట్టుదురు, కొందరు వెడలగొట్టలేరు. ఎందువలన? ఇచ్చట వంశము మాట వచ్చును. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యను వాదమొకటి కలదు. పండితులు దానిని సంతానవిషయమున నడపిరి. ఈ వ్యాధి విషయమునకు కూడ అది అక్కరకు వచ్చుచున్నది. మన మిరపతోటనే చూడుడు. తెల్లదోమ మోసుకొనివచ్చు వైరసుచే ఆకుముడత తెగులు తగులును. ఒకే చేలో, ఒకే నీరు, ఒకే ఎరువు. ఒక మొక్క ముడుచుకొని గిడసబారును, ప్రక్క మొక్క నిలిచి కాయును. నిలిచినదానిలో ఏదియో పుట్టుకతో వచ్చిన బలము కలదు. గుంటూరు ప్రక్కన లాం ఫారములోనివారు వంగడములు తీయుచు వెదకునది అట్టి బలమునే. అయితే ఎంత బలహీనమైన మొక్కయైనను దోమ వ్రాలనిదే, వైరసు సోకనిదే ఆ తెగులు పట్టదు. ఈ మాటలోనే మన ప్రశ్నకు చాలవరకు సమాధానమున్నది.

మన శరీరములో శత్రువు ముక్కను ఎత్తి రక్షకకణములకు చూపు పళ్లెములవంటి పదార్థములు కలవు. వానిని హెచ్.ఎల్.ఏ. అందురు. ఆ పళ్లెముల ఆకారము తల్లిదండ్రులనుండి వచ్చును, మనిషి మనిషికి మారును. కొన్ని ఆకారములు ఈ వైరసు ముక్కను చక్కగ చూపును, కొన్ని చూపవు. 1991లో జర్మను శాస్త్రజ్ఞులు ఈ పళ్లెముల తేడాకును ముఖద్వారపు రాచపుండునకును గల సంబంధమును మొదట ప్రకటించిరి. తరువాత అనేకులు దానిని విస్తరించిరి. స్వీడను దేశములో తరతరముల రోగపట్టికలు చక్కగ నున్నవి. 1999లో అచ్చటివారు లెక్కచూడగా, ఈ వ్యాధి వచ్చిన స్త్రీ కన్నతల్లికిని, తోడబుట్టినదానికిని ఇతరులకంటె సుమారు రెండింతల అపాయము కనబడెను. పెంచిన తల్లికి మాత్రము అట్లు కనబడలేదు. కావున అది ఒక్క ఇంటి అలవాట్లవలననే వచ్చినది కాదు, రక్తసంబంధమునకును పాత్ర కలదని తేలెను. మరుసటి యేడు వారే, వ్యాధి రాకపోకలలో వంశలక్షణము భాగము సుమారు నాలుగవ వంతని అంచనా కట్టిరి.

రెండింతలన్న మాట విని వరుని పెద్దలు గెలిచితిమనుకొందురేమో. చిన్న సంఖ్య రెండింతలైనను చిన్నదే. వైరసు లేనిదే ఆ రెండింతలకు పని లేదు. స్తనముల రాచపుండులో ఒక్క జన్యువు చెడి తల్లినుండి కూతునకు దిగుట కొన్ని కుటుంబములలో కలదు. ముఖద్వారపు వ్యాధిలో అట్టి యొక్క జన్యువు, మిక్కిలి యరుదగు ఒకటి రెండు స్థితులలో తప్ప, కానరాదు. చిన్న చిన్న బలములును బలహీనతలును పెక్కు చేరి క్షేత్రమును ఏర్పరచుచున్నవి. మరియొక చిక్కు మాటయు గలదు. వైద్యుడు పుండును పరీక్షించి ఇందులో జన్యువులు మారినవి యనును. ఆ మార్పు వైరసు తన తంతువును మన కణపు తంతువులో అతికించుకొని చేసినది, ఆ పుండులోనే పుట్టి ఆ పుండుతోనే పోవునది. అది కూతునకు దిగదు. జన్యువు అన్న మాట వినబడగానే వంశము అని అర్థము చేసికొని మనవారు ఎన్ని పెండ్లిండ్లు చెడగొట్టిరో లెక్క లేదు.

క్షేత్రమును బలహీనపరచునవి పుట్టుకతో వచ్చినవే కావు. పొగాకు త్రాగుట, కానుపులు మిక్కిలి యెక్కువగుట, అన్నిటికంటె మించి ఎయిడ్సు వైరసు. ఆ వైరసు గల స్త్రీలకు ఈ రాచపుండు అపాయము ఆరింతలని లెక్క. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలలో ఆ జబ్బు ఎంత వ్యాపించెనో మీరు చూచినవారే. ఆ ఇండ్లలోని స్త్రీలను మరింత శ్రద్ధగా పరీక్షింపవలసియున్నది.

తెలుగునాట ఈ వైరసు సంగతి 2005లో ప్రకటితమైన ఒక పరిశోధనవలన తెలిసినది. పరీక్షించిన 41 రాచపుండ్లలో 36 యందు వైరసు దొరకెను. అందు ఎక్కువ పాలు 16వ రకమే. వ్యాధి లేని 185 మంది స్త్రీలలో 19 మందికి వైరసు కలదు. వెరోనా, బాల్టిమోరు కథ మన కథయు నైనది. దేశము మొత్తమున 2022లో సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగ వచ్చినట్లును, దాదాపు 80,000 మంది మరణించినట్లును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధకుల అంచనా.

టీకా కథను కొంచెము నిలిచి చెప్పవలయును. 1991లో ఆస్ట్రేలియాలో జియాన్ జౌ, ఇయాన్ ఫ్రేజర్ అనువారు వైరసు పైతొడుగు మాత్రము తయారుచేసిరి. వడ్లలో తాలుగింజవలె లోన బియ్యము లేదు. రోగము పుట్టింపజాలదు, కాని శరీరము దానిని చూచి శత్రువు రూపమును గుర్తుపెట్టుకొనును. 2006లో టీకా అమ్మకమునకు వచ్చెను. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఖమ్మము జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి పది మొదలు పదునాలుగేండ్ల బాలికలు 14,000 మందికి పైగా టీకా వేయించిరి. వారిలో చాలమంది గిరిజన బాలికలు, వసతిగృహములలో నుండి చదువుకొనువారు. కొందరు బాలికలు మరణించిరన్న వార్త పుట్టగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమమును నిలిపివేసిరి. విచారణలో నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు త్రాగుట, జ్వరము మొదలగు కారణములు తేలెను. ఆ మరణములు టీకావలన కలిగినవని రుజువు కాలేదు. కాని విచారణలో వేరొక సంగతి బయటపడెను. చూచిన 9,543 అంగీకారపత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములపై తల్లిదండ్రులు కాక వసతిగృహాధికారులు చేవ్రాలు చేసిరి. బడులలో ప్రధానోపాధ్యాయులచేత సంతకములు చేయించిన సంగతియు తేలెను. 2013లో పార్లమెంటు సంఘము దీనిని తీవ్రముగ నిందించెను.

ఉపాధ్యాయుల చేవ్రాలు! పత్రికలో ఆ మాట చదివి నేను చాలసేపు ఊరకుంటిని. నేనును ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. విహారయాత్రలకు, మాత్రలకు, ఫారములకు పిల్లల తండ్రుల బదులు ఎన్ని సంతకములు చేసితినో. పై యధికారి కాగితము పంపును, రేపటికి కావలెనను, తండ్రి చేనిలో నుండును, మనము కలము తీయుదుము. చెడు తలంపు లేదు. టీకా మంచిదే. అయినను మంచి వస్తువును చెప్పక, అడుగక చేతిలో పెట్టినప్పుడు ఊరు దానిని విషమని తలచుట సహజము. ఆ యనుమానమువలన ఈ టీకా మన ప్రాంతములలో చాలయేండ్లు వెనుకబడెను. అప్పటికి పదేండ్లున్న పిల్లలకు నేడు ఇరువదియైదు దాటినవి.

ఆ నిలుపుదలవలన అనుకోని యొక ఫలితము కలిగినది. అదే కాలమున దేశములో తొమ్మిది చోట్ల, హైదరాబాదు నందును, వేరొక పరిశోధన నడచుచుండెను. రెండుమార్లు వేయవలెనా, మూడుమార్లా యని తెలిసికొనుట దాని యుద్దేశము. 2010 ఏప్రిల్‌లో అదియు ఆగిపోగా, చేరిన 17,000కు పైబడిన బాలికలలో దాదాపు ఐదువేలమందికి ఒక్కమారే పడియుండెను. పరిశోధకులు వారిని విడువక పదేండ్లు గమనించిరి. ఒక్కమారు వేసినదియు 16, 18 రకములు తిష్ఠవేయకుండ నూటికి తొంబదియైదు పాళ్లు కాపాడుచున్నదని 2021లో ప్రకటించిరి. ఎవరును కోరి చేయని ప్రయోగమిది. మరుసటి యేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలికలకు ఒక్క మోతాదును చాలునని సమ్మతించుటకు ఇట్టి ఆధారములే తోడ్పడెను. అదే 2022లో పూనాలో తయారైన మన దేశపు టీకాకును అనుమతి వచ్చెను.

టీకా వేయించుకొనని తల్లులకు మార్గము లేదనుకొనరాదు. మహారాష్ట్రములో, మనవలెనే ఎండపొలముల జిల్లాయగు ఉస్మానాబాదులో, ముప్పది మొదలు ఏబదితొమ్మిదేండ్ల స్త్రీలు లక్షయు ముప్పదివేలమందిని నాలుగు పాళ్లుగా విభజించి ఎనిమిదేండ్లు చూచిరి. ఒక్కమారు వైరసు పరీక్ష చేయించి, అవసరమైనవారికి చికిత్స చేసిన పాలిలో ఈ వ్యాధిచే చచ్చినవారు సగమునకు తగ్గిరి. 2009లో ఆ సంగతి వెలువడెను. పల్లెటూరి ఆడవారు రారు, చూపించుకొనరు అన్న మాట ఆ జిల్లావారు అబద్ధము చేసిరి.

మా వదినకు ఇప్పుడు డెబ్బది దాటినవి. ఏబదియైదవ యేట ఆమె పట్టణమునకు పోయి పరీక్ష చేయించుకొనెను. ఏ దోషమును లేదని వచ్చెను. ఆ కాగితమును ఆమె పెట్టెలో తన పెండ్లి శుభలేఖ ప్రక్కన దాచినది. మొన్న వేసవిలో ఆమె మనుమరాలికి, పదుమూడేండ్ల పిల్లకు, టీకా వేయింపవలెనని కోడలు పత్రము తెచ్చెను. నన్ను చదువుమనిరి. నేను తల్లినే చదువుమంటిని. ఆమె రెండుమార్లు చదివి, జ్వరము వచ్చిన ఏమి చేయవలెను, ఇదివరకు మందు పడని పిల్లకు వేయవచ్చునా యని రెండు ప్రశ్నలడిగినది. రెండింటికిని నాకు సమాధానము తెలియదు. వైద్యురాలికి ఫోను చేసి అడిగి తెలిసికొని, అప్పుడు చేవ్రాలు చేసినది. పిల్లయు పత్రమునకు చేయి చాచినది. చదివి, తాతయ్యా, గర్భాశయ ముఖద్వారమనగా నేమి యని అడిగినది. ముప్పదియైదేండ్లు అర్థతాత్పర్యములు చెప్పిన నాకు మాట తడబడెను. మా వదినయే చెప్పినది.